ఇంటి గోడ మీద మనవాళ్ళ బొమ్మ

అక్క కుట్టిన పూలగుత్తి, కూతురు వేసిన ఏనుగు, తాతగారు రిటైరయ్యాక నేర్చుకుని నీటిరంగుల్లో వేసిన గోదావరి. ఇలాంటివి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా ఒక సందేహం నన్ను వదలదు. ఆ గోడకు వేలాడుతున్నది బొమ్మా, బంధుత్వమా? ముక్కూమొహం తెలియని మనిషి అదే బొమ్మ వేసి ఉంటే అక్కడ పెట్టేవాళ్ళమా? పెట్టేవాళ్ళం కాదంటే, మనం మెచ్చుకున్నది ఆ పనిని కాదన్నమాట. పనిని సరిగా చూడకుండా మనిషిని మెచ్చుకోవడం ఆ మనిషి శ్రమకు గౌరవమెలా అవుతుంది?

ఈ విషయంలో మన సామెతలు ఒకదానికొకటి పొసగవు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదనీ అంటాం. ఇంటివాళ్ళు లేని గొప్పను చూస్తారని ఒకటి, ఉన్న గొప్పను చూడరని మరొకటి. రెండింటి అడుగునా ఉన్న నమ్మకం మాత్రం ఒక్కటే: ఇంటివాళ్ళ కంటికి విలువ తెలియదు, బయటివాళ్ళు వచ్చి చెప్పాలి. దీన్ని నేను ఒప్పుకోలేను. చుట్టరికమే చూపును తేల్చేస్తుందనుకుంటే చిత్రకారుడు విన్సెంట్ వాన్‌గో కుటుంబంలో జరిగింది అర్థం కాదు. విన్సెంట్ న్యూనెన్ అనే ఊరు వదిలి వెళ్ళాక, 1886లో ఆయన తల్లి బ్రెడా అనే ఊరికి మారింది. ఆయన గీసినవి పెట్టెలకు పెట్టెలు అక్కడొక వడ్రంగి దగ్గర ఉండిపోయాయి, తిరిగి తెచ్చుకున్నవాళ్ళు లేరు. తర్వాత అవి పాత సామాను కొనేవాళ్ళ చేతుల్లో పడ్డాయి, కొన్ని నాశనమయ్యాయి. ఆ తల్లికి కొడుకు మీద ప్రేమ లేదని ఎవరనగలరు? ఇక తమ్ముడు థియో భార్య యోహన్నా ఆ బావగారిని చూసింది 1890లో, ఆయన చివరి నెలల్లో, కొద్దిసార్లే. 1891 జనవరిలో థియో కూడా పోయాక, ఏడాది పిల్లవాడితో ఆమె బుస్సుమ్ అనే డచ్చి ఊళ్ళో గదులు అద్దెకిచ్చి భోజనం పెట్టే ఇల్లు నడిపింది. ఆ ఇంటి గోడల మీద బావగారి చిత్రాలు. అంతకుముందు ఆమె ఇంగ్లిష్ టీచరు, చిత్రకళలో పాండిత్యమేమీ లేదు. కళావిమర్శ చదువుతూ, ఆ చిత్రాల మధ్యే తిరుగుతూ చూడటం నేర్చుకుంది. కన్నతల్లికి దొరకని చూపు, బావగారిని సరిగా ఎరగని మరదలికి దొరికింది.

అది వాన్‌గో కాబట్టి చెల్లింది, మా అక్క కుట్టుపనికి ఆ మాట ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ 1891లో యోహన్నా దగ్గర ఉన్నవి దాదాపుగా ఎవరూ కొనని చిత్రాలు. అవి గొప్పవని లోకం అప్పటికి తేల్చలేదు. ఆమెకు గోడ ఇచ్చింది వ్యవధి. ప్రదర్శనశాలకు వచ్చినవాళ్ళు ఒక చిత్రం ముందు నిమిషమో రెండు నిమిషాలో నిలబడతారు. ఇంట్లోవాళ్ళు దాన్ని పొద్దుటి వెలుగులో, దీపం వెలుగులో, జ్వరంలో, దుఃఖంలో చూస్తారు. కొన్నాళ్ళకు ఒక బొమ్మలో ఇక చూడటానికేమీ మిగలదు. మరొకటి ఎన్నేళ్ళయినా తరగదు. ఆ తేడా చెప్పగలిగేది ఇంటివాళ్ళే. అక్క కుట్టిన పూలకైనా ఈ పరీక్ష పెట్టవచ్చు, అవి నిలబడకపోవచ్చు కూడా.

అయితే ఇక్కడే నా వాదం తడబడుతోంది. ఏళ్ళ తరబడి ఒకేచోట ఉన్నదాన్ని కన్ను చూడటం మానేస్తుంది. దండ వేసిన ఫోటోను మనం ఎంత చూస్తామో ఆ బొమ్మనూ అంతే చూస్తాం. పైగా దాన్ని దించితే ఎవరికో మనసు నొచ్చుకుంటుందన్న భయం ఒకటి. దించలేని బొమ్మ గురించి మంచీచెడూ మాట్లాడలేం. దీనికి భిన్నంగా, మన ఇళ్ళలో తరతరాలుగా అందరి కళ్ళ ముందూ పెడుతున్న ఇంటి కళ ముగ్గు. అది ఒక పూటకే. మర్నాడు ఊడ్చి, నీళ్ళు చల్లి మళ్ళీ వేస్తారు. నిన్నటి చుక్కలు ఇవాళ వద్దనుకునే హక్కు వేసిన చేతికే ఉంది. అందుకే వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి, ఇవాళ బాగా కుదిరిందనో, చుక్క తప్పిందనో మొహమాటం లేకుండా అంటారు. ఆ మాటల్లో బంధుత్వపు బరువు ఉండదు.

అందుకే యోహన్నా విషయంలో నన్ను కదిలించేది ఆమె చిత్రాలు పెట్టడం కన్నా ఒకదాన్ని దించడం. ముప్పై ఏళ్ళకు పైగా రోజూ చూసిన పొద్దుతిరుగుడు పూల చిత్రాన్ని లండన్ నేషనల్ గ్యాలరీ అడిగితే మొదట ఇవ్వనంది. చివరికి 1924లో ఇచ్చింది. విన్సెంట్ పేరు కోసం ఆ ఎడబాటు భరించింది. ఆ చిత్రం తన ఇంటి గోడను మించినదని ఆమెకు తెలుసు. ఆ గోడ మీద అన్నాళ్ళు చూసింది కాబట్టే తెలుసు. మీ ఇంట్లో గీసేవాళ్ళుంటే ఫ్రేము కట్టించే ముందు ఏది పెట్టాలో వాళ్ళనే అడగండి. కొన్నాళ్ళకు దాన్ని దించి మరొకటి పెట్టండి. ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో, ఎందుకో వాళ్ళకే చెప్పండి.