రెండో ఉద్యోగానికీ సంకల్పం చెప్పుకోవాలి

 

ఈ వారం వీడియోలో హరిశ్చంద్రుడి కథ కాశీ దాకా చెప్పి ఆపాను. ఇరవై నిమిషాల్లో అన్నీ పట్టవు కదండీ. పట్టనివాటిలో నాకు బాగా ముఖ్యమనిపించింది ఆ కథలో ఉన్న అప్పు సంగతి. మన ఛానల్ చూసేవాళ్లలో పగలు ఒక ఉద్యోగం చేసి, సాయంత్రం నుంచి ఇంకో పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆఫీసు అయ్యాక బైక్ టాక్సీ నడిపేవాళ్లు, రాత్రి పదకొండు దాకా ఫుడ్ డెలివరీ చేసేవాళ్లు, ఆదివారం కూడా ట్యూషన్లు చెప్పేవాళ్లు. ఇంటి అప్పు కోసమే. వాళ్లు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "పూజకి టైం లేదు, పిల్లలతో కూర్చునే టైం లేదు, ఇలా డబ్బు కోసం పరుగెత్తడం ధర్మమేనా?" ఈ పోస్ట్ వాళ్ల కోసం.

ధర్మమే. ముందు ఆ భయం వదిలేయండి.

హరిశ్చంద్రుడిని సత్యానికి గుర్తుగా చెప్పుకుంటాం కానీ, ఆ కథని నడిపించేది అప్పే. రాజ్యం మొత్తం విశ్వామిత్రుడికి ఇచ్చేశాడు. అయినా ఇస్తానన్న దక్షిణ మిగిలిపోయింది. "రాజ్యమే ఇచ్చాను, ఇంకా దక్షిణ ఏమిటి స్వామీ?" అని వాదించవచ్చు. మన రోజుల్లో అయితే మంచి లాయర్‌ని పెట్టుకుంటే గెలిచేవాడేమో కూడా. ఆయన వాదించలేదు. నెల రోజుల గడువు అడిగాడు. గడువు దగ్గరపడేసరికి కాశీలో కాటికాపరిగా చేరాడు. సూర్యవంశపు చక్రవర్తి శ్మశానంలో నిలబడి శవానికింత అని సుంకం వసూలు చేశాడు.  కాబట్టి హెల్మెట్ పెట్టుకుని పార్సెల్ పట్టుకెళ్తుంటే ఆఫీసులోవాళ్లు ఎవరైనా చూస్తారేమో అని తలదించుకునే తమ్ముళ్లకి నేను చెప్పేది ఒకటే. తలెత్తుకుని వెళ్లండి.

ఇంకో సంగతి. రెండో ఉద్యోగం ఈ తరానికి వచ్చిన కొత్త కష్టమేమీ కాదు. బడి అయ్యాక ఎల్ఐసీ పాలసీలు కట్టించిన మాస్టార్లు మనకి తెలుసు. ఇంటి పనంతా అయ్యాక రాత్రి లైటు వేసుకుని చీరలకి ఫాల్స్ కుట్టిన అమ్మలు అంతకంటే బాగా తెలుసు. ఆ కుట్టు డబ్బుతో స్కూలు ఫీజులు కట్టారు. దాన్ని ఎవరూ రెండో ఉద్యోగం అనలేదు. మొదటి ఉద్యోగాన్నే ఉద్యోగం అననప్పుడు రెండోది ఎక్కడ లెక్కలోకి వస్తుంది లెండి.

పని ధర్మమే. కానీ ఆ పని ఎలా మొదలుపెట్టాలి, ఎలా చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నదాంట్లో చిక్కు ఉంది. దానికి నాకు తెలిసిన మంచి నమూనా మన వ్రతమే. ఏ వ్రతమైనా సంకల్పంతో మొదలవుతుంది. ఏ దేశంలో ఉన్నాం, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, గోత్రం, పేరు, ఎందుకు చేస్తున్నాం అన్నీ పైకి చెప్పుకుంటాం. మనసులో ఏదో అనేసుకుని సరిపెట్టుకోం. వ్రతం పూర్తయ్యాక ఉద్యాపన ఉంటుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకి కూడా దీక్ష ఏ రోజు మొదలైంది, ఏ రోజు విరమణ అన్నది తెలుసు. 41 రోజులు కటిక నేల మీద పడుకోగలిగేది ఆ రోజు కనపడుతుంది కాబట్టే.

రెండో ఉద్యోగానికి సంకల్పం అంటే మొదట అప్పు ఎంతో పైకి చెప్పడం. చాలా ఇళ్లలో ఇదే జరగదు. భర్తకి తెలిసిన అప్పు ఒకటి, భార్యకి తెలిసింది ఒకటి, అసలున్నది ఇంకొకటి. హరిశ్చంద్రుడు భార్యనీ బిడ్డనీ అమ్మిన ఘట్టం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, దాన్ని సమర్థించడానికి ఇక్కడ ప్రయత్నించను. కానీ ఆ ఘట్టంలో ఒకటి గమనించండి. నన్ను అమ్మి బాకీ తీర్చండి అని ముందుగా అన్నది చంద్రమతే. ఎందుకు అనగలిగింది? బాకీ ఎంతో, గడువు ఎప్పుడో ఆమెకి తెలుసు కనుక. ఆయన దాచలేదు. ఇవాళ చాలాచోట్ల భార్య నగలు ముందు తాకట్టుకి వెళ్తాయి, సంగతి ఆమెకి తర్వాత తెలుస్తుంది. అంతెందుకు, స్వామివారి సంగతే చూడండి. పెళ్లి కోసం కుబేరుడి దగ్గర అప్పు చేసినప్పుడు బ్రహ్మనీ శివుడినీ సాక్షులుగా పెట్టుకుని పత్రం రాసిచ్చాడని తిరుమల స్థలపురాణం చెబుతుంది. వడ్డికాసులవాడు అని ఊరంతా పిలిచినా నొచ్చుకోలేదు. దేవుడే దాచని అప్పుని మనం ఇంట్లోవాళ్ల దగ్గర దాస్తే ఎలా?

కాబట్టి ఒక శుక్రవారం సాయంత్రం దీపం పెట్టాక ఇంట్లో పెద్దవాళ్లంతా కూర్చోండి. ఒక కాగితం మీద అన్ని అప్పులూ రాయండి. ఎవరికి, ఎంత, ఎంత వడ్డీ. బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది, యాప్ రోజుకి ఇంత అంటుంది, ఊళ్లో నూటికి ఇన్ని రూపాయలు అంటారు. అన్నిటినీ మన ఊరి లెక్కలోకే మార్చుకుంటే కళ్లు తెరుచుకుంటాయి. ఉదాహరణకి క్రెడిట్ కార్డు మీద 2 లక్షలు మిగిలిపోయాయి, వడ్డీ నెలకి 3.5 శాతం అనుకుందాం. అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ వడ్డీ అడిగితే దండం పెట్టి వచ్చేస్తాం. కార్డు దగ్గర సంతకం పెడతాం. మొదటి నెల వడ్డీ 7,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,260. మీరు 10,000 కడితే అసలులో తగ్గేది 1,740 మాత్రమే. కార్డు మళ్లీ గీకకుండా ప్రతి నెలా అంతే కడుతూ పోతే తీరడానికి 44 నెలలు పడుతుంది. కట్టేది మొత్తం 4 లక్షల 30 వేల పైన. అదే రెండో పని మీద 12,000 వచ్చి, నెలకి 22,000 కట్టగలిగితే 12 నెలల్లో తీరిపోతుంది. మొత్తం 2 లక్షల 56 వేల దగ్గర ఆగుతుంది. నేను ఎక్సెల్‌లో వేసి చూశాను, మీరూ వేసుకోండి.

మనుస్మృతిలో వసిష్ఠుడి పేరు మీద ఒక వడ్డీ రేటు ఉంది. నెలకి అసలులో ఎనభయ్యో వంతు, అంటే నూటికి రూపాయి పావలా. వర్ణాన్ని బట్టి వేరే రేట్లు కూడా అందులోనే ఉన్నాయి, అది వేరే గొడవ. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలుని మించకూడదన్న నియమం కూడా అక్కడే ఉంది. పైన చెప్పిన 44 నెలల లెక్కలో వడ్డీ, జీఎస్టీ కలిపి అసలుని దాటేశాయి, చూశారా? హరిశ్చంద్రుడి కులగురువు వసిష్ఠుడే అని గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. శిష్యుడికి తగిలిన అప్పులవాడు మాత్రం విశ్వామిత్రుడు!

లెక్క చూశారు కాబట్టి సంకల్పంలో రెండో మాట చెప్పుకోవడం తేలిక. రెండో పని నుంచి వచ్చే ప్రతి రూపాయీ ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకే వెళ్తుంది. ఇంట్లోవాళ్లు నిజంగా సరే అంటే, బ్యాంకులో బంగారం మీద రూపాయి అటూఇటూ వడ్డీకి తీసుకుని మూడున్నర రూపాయల అప్పు తీర్చేయడం కూడా మంచిదే. ఆ 12,000 చూసి కొత్త ఫోన్‌కి ఈఎంఐ పెట్టుకుంటే మాత్రం మీరు రాత్రిళ్లు మేలుకునేది ఫోన్ కంపెనీ కోసం.

ఇప్పుడు నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి కొంచెం ఇబ్బందిగా ఉండే మాట. ఇంట్లో కూర్చుని రెండు కంపెనీలకి ఒకే సమయంలో పనిచేయడం. మన ఆఫర్ లెటర్లలో చాలావాటిలో, అనుమతి లేకుండా వేరే ఉద్యోగం చేయనని ఒక నిబంధన ఉంటుంది. దాని కింద సంతకం మనదే. 2022 సెప్టెంబర్‌లో ఒక పెద్ద ఐటీ కంపెనీ, పోటీ కంపెనీలకి కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది. పీఎఫ్ ఖాతాలోనో, టాక్స్ రికార్డులోనో ఎలాగూ కనపడుతుంది. అది పక్కన పెట్టినా, హరిశ్చంద్రుడి దగ్గరికి వచ్చేసరికి ఈ వాదన నిలబడదు. అర్ధరాత్రి చంద్రమతి పాము కరిచిన కొడుకు శవాన్ని మోసుకొస్తే, ఆ బిడ్డ తన బిడ్డే అని తెలిశాక కూడా ఆయన సుంకం అడిగాడు. ఎందుకంటే ఆ సుంకం యజమానిది. దాన్ని వదిలేసే హక్కు తనకి లేదు. ఊళ్లలో నాటకం వేసినప్పుడు కాటి సీను దగ్గర జనం ఏడ్చేది అందుకే. కొడుకు శవం ముందే యజమాని సొమ్ము వదలనివాడిని పూజించి, ఒక యజమాని ఇచ్చిన లాప్‌టాప్‌లో, అతని గంటల్లో, ఇంకొకరికి కోడ్ రాయడం కుదరదండీ. ముందు హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి. వద్దంటే ఆ పని వదిలి, మీ కంపెనీ అభ్యంతరం పెట్టని పని ఏదో రాతపూర్వకంగా తెలుసుకుని అది చూసుకోండి. జీతం తక్కువే వస్తుంది, నిజమే. రెండు చోట్లా జీతం వచ్చేవాళ్లకి ఇంకోటి: ఇద్దరూ విడివిడిగా టాక్స్ లెక్క వేస్తారు, రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సింది ఒక్కసారి మీద పడుతుంది. ఆ డబ్బు నెలనెలా పక్కన పెట్టండి, లేకపోతే అదొక కొత్త అప్పు.

ఇక ఎప్పుడు ఆపాలి అన్నది. అరణ్యపర్వంలో యక్షుడు ధర్మరాజుని అడుగుతాడు, సుఖంగా ఉండేది ఎవరు అని. ధర్మరాజు రాజుల పేర్లు చెప్పలేదు. అప్పు లేనివాడు, ఇల్లు వదిలి దూరాన ఉండాల్సిన అవసరం లేనివాడు, పొద్దు ఎంత గడిచినా సొంత ఇంట్లో ఆకుకూర వండుకుని తినేవాడు అన్నాడు. చాలాకాలం నేను ఇందులో అప్పు మాట ఒక్కటే విన్నాను. రెండోది తర్వాత తట్టింది. రెండో ఉద్యోగం మొదటిదాన్ని తీర్చడానికి రెండోదాన్ని తీసేసుకుంటుంది. రాత్రి ఒంటిగంటకి వచ్చి ఆరింటికి వెళ్లిపోయేవాడు ఉన్న ఊళ్లోనే పరదేశంలో ఉన్నట్టు. పిల్లలకి నాన్న అంటే తలుపు దగ్గర విడిచిన చెప్పులే. ఏడాది అయితే ఓర్చుకుంటారు. గడువు లేకపోతే అలవాటు పడిపోతారు, నాకు భయం అక్కడే. అందుకే సంకల్పంలో విరమణ తేదీ ఉండి తీరాలి. పన్నెండు నెలలైతే పన్నెండు నెలలు. క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి, పిల్లల చేత పెట్టించండి. వారానికి ఒక పూట మాత్రం రెండో పనికి ఇవ్వకండి, ఏం జరిగినా. నిద్ర సంగతి కూడా. అతిగా మేలుకునేవాడికి యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో స్వామి చెప్పాడు. నిద్రమత్తులో బండి నడిపేవాడికి యోగం సంగతి అలా ఉంచండి, ఇల్లు చేరడమే అనుమానం.

పూజ మాటేమిటి అంటే, దీపం పెట్టి ఒక్క నమస్కారం. ఈ ఏడాదికి అది చాలు. మిగతాది మీరు చేస్తున్న పనే.

అప్పులవాళ్ల వేధింపు భరిస్తున్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారు. వదలకుండా వెంటపడేవాడిని మనం నక్షత్రకుడు అంటాం, ఆ పేరు ఈ కథలోంచే వచ్చింది. విశ్వామిత్రుడి బాకీ వసూలుకి హరిశ్చంద్రుడి వెంట తిరిగింది ఆయనే. ఇప్పటి నక్షత్రకులకి హద్దులున్నాయి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టంగా చెప్పింది. హద్దు దాటితే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నెల రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. ఇక బతకడం ఎందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఎవరినైనా లేపండి. టెలీ మానస్ నంబరు 14416, ఏ సమయంలోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు వీడియో కింద కూడా పెట్టాను.

చివరగా ఉద్యాపన. ఆఖరి వాయిదా కట్టిన రోజు ఊరికే వదిలేయకండి. బాకీ లేదని సర్టిఫికెట్ తీసుకోండి, కార్డు అయితే ఖాతా మూయించి ఆ ఉత్తరం దాచుకోండి, తాకట్టులో ఉన్న నగ ఇంటికి తెచ్చి ఎవరిదో వాళ్ల చేతిలోనే పెట్టండి. రెండు నెలల తర్వాత సిబిల్ రిపోర్టులో అప్పు మూసినట్టు పడిందో లేదో చూసుకోండి. రెండో పనికి ఆ రోజే సెలవు చెప్పండి. సాయంత్రం తోటకూరో గోంగూరో ఏదో ఒకటి కొనుక్కుని, చీకటి పడకముందే ఇంటికి వెళ్లండి.

వచ్చే వారం వీడియోలో కాటి సీను పూర్తిగా చెప్పుకుందాం.