నెమరు

మా ఇంట్లో డైరీ రాసే అలవాటు నాది కాదు, మా ఆవిడది. ఏటా జనవరిలో ఖాజీపేట బజార్లోని ఎరువుల అంగడి వాళ్ళు ఓ డైరీ ఇస్తారు. మొదటి రెండు రోజులూ దాని మీద హక్కు నాదే. పేరూ, ఊరూ, రక్తం గ్రూపూ గుండ్రని అక్షరాలతో నింపి, 'ఈ ఏడు తెల్లవారుజామునే లేవాలి' అని ఓ శపథం కూడా రాస్తాను. మూడో తేదీకల్లా అది పాల లెక్కల పుస్తకమైపోయి వంటింటి గూట్లోకి చేరుతుంది. 'పాలు లీటరు', 'పాలు ముప్పావు, నీళ్ళెక్కువ' - ఇదీ అందులోని వాఙ్మయం.

నిరుడు ఒకనాడు లెక్క సరిచూద్దామని పేజీలు తిప్పుతూంటే ఓ తేదీ కింద ఇలా కనబడింది: 'పాలు లీటరు. చుట్టాల ముందర ఈయన నన్ను తీసిపారేసినట్టు మాట్లాడినారు. పెరుగు తోడుకోలేదు.'

మూడే ముక్కలు. నాకు పౌరుషం వచ్చింది. డైరీ పట్టుకుని వంటింట్లోకి పోయి, "నేనేమన్నాను అంత కానిమాట?" అని నిలదీశాను. ఆమె నా మొహం చూసింది, చేతిలో డైరీ చూసింది. "అది చదివినారా?" అంది. అంతే. మరునాటి నుంచి ఆ డైరీలో పాలు తప్ప మరొక చుక్క లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇదే తప్పు ఇంతకు ముందు ఒకసారి చేశాను గదా, ఎక్కడ చేశాను అని వెతుక్కుంటే గుర్తొచ్చింది. ఇంట్లో కాదు, బళ్ళో.

నేను లెక్కల అయ్యవారిని. ఇప్పుడు రిటైరయ్యాను గానీ, మా కె.సి. కాలువ పక్క పల్లెల్లో చాలా ఏళ్ళు పలకలకూ, నోటుబుక్కులకూ మధ్యనే గడిపాను. ఓ పదేళ్ళు ఉద్యోగం చేశాక నాకో అనుమానం పట్టుకుంది. నేను చెప్పే పాఠం బాగానే ఉంది. పిల్లలు వినడమూ బాగానే ఉంది. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని పైకప్పు లేచిపోయేట్టు అరుస్తారు. పరీక్ష పెడితే మాత్రం సగం మంది కాగితాలు తెల్లగా పాలనురుగులా ఉంటాయి. మరి అర్థమైందంతా ఎటు పోయినట్టు?

దీనికి జవాబు నాకు ఏ శిక్షణ తరగతిలోనూ దొరకలేదు, మా పశువుల కొట్టంలో దొరికింది. ఆవు మేసేటప్పుడు నెమరు వేయదు. గబగబా మేసేస్తుంది. ఆ తరువాత నీడపట్టున పడుకుని, కళ్ళు అరమోడ్చి, మింగినదాన్ని తీరిగ్గా నోట్లోకి తెచ్చుకుని నములుతుంది. అప్పుడు గానీ ఆ గడ్డి పాలు కాదు. మా బడిలో పొద్దున్నించి సాయంత్రందాకా మేతే మేత. నెమరుకు మాత్రం పీరియడ్ లేదు.

1910లో అమెరికాలో జాన్ డ్యూయీ అనే తత్వవేత్త 'హౌ వుయ్ థింక్' అనే పుస్తకం రాశాడు. మనిషికి ఆలోచన ఊరికే పుట్టదనీ, దారి రెండుగా చీలినచోట, ఎటు పోవాలో తెలియక నిలబడ్డప్పుడు మొదలవుతుందనీ ఆయన వాదం. మనం బళ్ళో ఏం చేస్తాం? పిల్లవాడు నిలబడిపోయిన చోటును తప్పు అంటాం. ఎర్ర సిరాతో కొట్టేస్తాం. ఆలోచన మొదలయ్యే చోటే అది గదా!

సరే, నేనొక పద్ధతి పెట్టాను. పీరియడ్ చివర అయిదు నిమిషాలు మిగిల్చి, ఒక్కొక్కరినీ ఓ చిన్న పుస్తకంలో మూడు ముక్కలు రాయమన్నాను. ఈ రోజు నాకు తెలిసింది ఏమిటి, ఎక్కడ ఆగిపోయాను, రేపు ఏమడగాలి. తప్పొప్పులు దిద్దను, అక్షరదోషాలు చూడను అని మాటిచ్చాను.

మొదటి వారం అందరూ 'పాఠం చాలా బాగున్నది సార్' అని రాశారు. పెళ్ళికి వచ్చి భోజనాలు బాగున్నాయన్నట్టు. రెండో వారంలో ఏడో తరగతి పాప ఒకతె ఇలా రాసింది: 'అరను పావుతో భాగిస్తే రెండు వచ్చిందన్నారు. పంచితే తక్కువ కావల్ల గదా సార్, ఎక్కువ ఎట్లయింది?'

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. అన్నేళ్ళుగా 'కిందిదాన్ని తిరగేసి గుణించండి' అని చెబుతూనే ఉన్నాను, ఎందుకు తిరగేయాలో ఒక్కనాడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు మరి! మరునాడు జొన్నరొట్టె తెచ్చాను. సగం తుంచి, "ఈ సగంలో పావు ముక్కలు ఎన్నుండాయి?" అన్నాను. "రెండు!" అన్నారు. భాగహారమంటే ఎప్పుడూ పంచడమే కాదనీ, ఇందులో అవి ఎన్ని ఉన్నాయని అడగడం కూడాననీ ఆ పూట పిల్లలకు తెలిసింది. వాళ్ళతోపాటు నాకూ తెలిసింది. రొట్టె ఎవరు తిన్నారన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఇంతవరకూ విజయగాథ. ఇక తప్పు సంగతి.

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పిల్లవాడికి భయమూ ఆందోళనా లేకుండా చూడాలనీ, తన అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పుకునేలా సాయపడాలనీ అందులో 29వ సెక్షన్ చెబుతుంది. ఆ వెనకే మా బళ్ళకు నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. నిర్మాణాత్మక మూల్యాంకనానికి 50 మార్కులైతే, అందులో 10 'పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు' అనే అంశానికి. కొత్త తెలుగు వాచకాల్లో పాఠం చివర 'ఇవి చేయగలనా?' అని పట్టిక ఉండేది. పిల్లలు తమను తామే ప్రశ్నించుకుని 'అవును', 'కాదు' అన్న గళ్ళలో టిక్కు పెట్టుకోవాలి. ఎంత చక్కటి ఆలోచన! మా పిల్లలు పుస్తకాలు చేతికందిన రోజే అన్ని పాఠాలకూ కలిపి 'అవును' గడిలో టిక్కులు కొట్టేశారు. పాఠాలు ఆ తరువాత మొదలయ్యాయి.

నా చిన్న పుస్తకాలు ఇప్పుడు పది మార్కులకు పనికొచ్చాయి. నాకు హుషారెక్కింది. మార్కులు వేయడం మొదలుపెట్టాను. అప్పుడే, 2013లో అనుకుంటాను, ఎనిమిదో తరగతి అబ్బి ఒకడు రాసినది నా కంటబడింది.

'యాడ ఆగిపోయినానో తెలీదు సార్. రాత్రి కాలువ నీళ్ళ వంతు మాది. మా నాయనకు జరమొచ్చింటే నేను పోయినా. బోర్డు మీద అంకెలు మడవలో నీళ్ళ మాదిరి కదులుతాండాయి.'

చదివి పరవశించిపోయాను. సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి ఇంతదూరం వచ్చిన ఆ కాలువ నీళ్ళను నేనూ చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నాకు ఒక్కనాడూ అలాంటి మాట తట్టలేదు. "చూడండ్రా, ఉపమాలంకారం అంటే ఇదీ!" అని తరగతి అంతటికీ బిగ్గరగా చదివి వినిపించాను. పొగడ్తేనండీ, సందేహం లేదు. పిల్లలు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. పదికి పది మార్కులు వేశాను.

మరునాటి నుంచి ఆ అబ్బి పుస్తకంలో రోజూ ఒకటే వాక్యం: 'అంతా అర్థమైంది సార్.' ఏడాది పొడుగునా అదే. లఘు పరీక్ష కాగితం మాత్రం తెల్లగా ఉండేది. తొమ్మిదిలో సగానికి చదువు మానేశాడు. నా వల్లనే మానేశాడంటే అది నన్ను నేను గొప్పచేసుకోవడమే అవుతుంది. ఇంటి ఇబ్బందులు సవాలక్ష. కానీ ఎక్కడ ఆగిపోయాడో నాకు చెప్పుకోవడానికి ఉన్న ఒక్క కిటికీని మూసింది మాత్రం నేనే.

చాలా ఏళ్ళకు మైదుకూరు బస్టాండులో కనబడి, వాడే పలకరించాడు. ట్రాక్టరు తోలుతున్నాడట. టీ ఇప్పించాడు. మాటల్లో నేనే ఆ సంగతి ఎత్తాను. "వాళ్ళు నవ్వింది నాకేం బాధ లేదు సార్. మీరు గూడా నవ్వినారు" అన్నాడు. అని, టీకి డబ్బులిచ్చాడు.

ఇక్కడే నా ప్రశ్న. పిల్లవాడు తన మనసు విప్పి రాసుకున్నది ఎవరి సొత్తు? చదవకపోతే అయ్యవారికి వాడి కష్టం తెలియదు. చదువుతాడని తెలిస్తే వాడు నిజం రాయడు. మార్కులిస్తామంటే అసలే రాయడు. మార్కులకు సరిపోయే నిజం ఒకటి తయారుచేసి ఇస్తాడు. అబద్ధం చెప్పడం నేర్పాలని ఏ బడీ అనుకోదు. కానీ నిజానికి పది మార్కులని ధర కట్టిన నాడే దొంగ సరుకు బజారుకొస్తుంది.

గాంధీగారి ఆత్మకథ చదివినవాళ్ళకు ఈ ఘట్టం గుర్తుంటుంది. పదిహేనేళ్ళ వయసులో అన్నగారి కడియంలోంచి కాస్త బంగారం తీశాడు. మనసు ఊరుకోక, తప్పు ఒప్పుకుంటూ చీటీ రాసి, శిక్ష వేయమని కూడా అందులోనే అడిగి, మంచం పట్టిన తండ్రి చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కరంచంద్ గారు లేచి కూర్చుని చదివారు. కన్నీళ్ళకు కాగితం తడిసింది. కాసేపు కళ్ళు మూసుకుని, చీటీ చించేసి, మళ్ళీ పడుకున్నారు. ఒక్క మాట లేదు.

బహుశా ఆత్మపరిశీలన రాతను దిద్దడంలో దీన్ని మించిన పద్ధతి లేదు. ఆయన చదివారు. చదివినట్టు కొడుక్కి తెలిసింది. తరువాత దాన్ని మూడో మనిషి కంట పడకుండా చేశారు. అదే చీటీని చుట్టాలకు చూపించి 'మావాడు ఎంత నిజాయితీగా రాశాడో చూడండి' అని మెచ్చుకుని ఉంటే ఏమయ్యేదో నేను ఊహించగలను. ఎందుకంటే నేను చేసింది అదే.

ఆ అబ్బి మానేశాక నా పద్ధతి మార్చాను. మార్కులు వేరే పనులకు వేసుకున్నాను. పేజీ మడిచి ఇస్తే చదవను, విప్పి ఇస్తే చదువుతాను, ఏదీ బయటికి చదవను అన్నాను. ఆపైన రోజూ నేను కూడా బోర్డు మీద నా మూడు ముక్కలు రాశాను. 'ఈ రోజు నాకు కోపమొచ్చింది. లెక్క తప్పు నాది. కసిరింది మిమ్మల్ని.' మొదటి రోజు పిల్లలు దాన్ని దెయ్యాన్ని చూసినట్టు చూశారు. నెలరోజులకు మడతపేజీలు తగ్గాయి. పూర్తిగా పోలేదు. పోవాలని నేను కోరుకోనూ లేదు.

"మరి మడతపేజీలో ప్రాణం మీదికొచ్చే సంగతి ఉంటేనో?" అని మా తోటి అయ్యవారు ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. అందుకే మొదటి రోజే ఇంకో మాట కూడా చెప్పాను: "మీకు ఆపద అనిపిస్తే విప్పి ఇవ్వండి. ఎవరికి చెప్పాల్నో మిమ్మల్ని అడిగే చెబుతా." ఒక ఏడు తొమ్మిదో తరగతి పాప విప్పిన పేజీ ఇచ్చింది. 'ఈ సెలవుల్లో నాకు పెండ్లి చేస్తారంట సార్.' గుండె ఝల్లుమంది. "ఎవరికి చెప్పమంటావు తల్లీ?" అన్నాను. "సైన్సు మేడంకు" అంది. మేడమూ నేనూ వాళ్ళింటికి పోయాం. ఆడపిల్లకు పద్దెనిమిది నిండకుండా పెళ్ళి కుదరదని 2006 నాటి చట్టం చెబుతుంది గానీ, మేము ముందు చట్టం ఎత్తలేదు. ఆమె ఎంత బాగా చదువుతుందో ఎత్తాం. చట్టం ఆఖర్న ఎత్తాం. పెళ్ళి ఆగింది. ఆ పాప పది పరీక్షలు రాసింది. మడతపేజీలకు నేనిచ్చిన మాట నిలబెట్టుకున్నందుకే ఆ విప్పిన పేజీ నా చేతికొచ్చిందని నా నమ్మకం.

బెదిరిన ఆవు నెమరు వేయదండీ. ఏ రైతునడిగినా చెబుతాడు. మేత ఎంత బలమైనదైనా సరే, పక్కన కర్ర పట్టుకుని నిలబడితే అది నోరు కదపదు. బడిలో రాయించే పుస్తకం మంచిదే. దానికి కావలసింది కాగితమూ కలమే కాదు, కాస్త నీడ. ఆ నీడ ఇవ్వగల చెట్టు అయ్యవారే. కర్ర పట్టుకునేదీ ఆయనే.

మొన్న పాలవాడితో లెక్క తేడా వచ్చింది. "డైరీ తీసి సూడు సార్" అన్నాడు. గూట్లోనే ఉంది. చేయి చాపితే అందుతుంది. "అది నాది కాదప్పా, ఆమె వచ్చేదాకా కూర్చో" అన్నాను. వాడు నన్ను వింతగా చూసి అరుగు మీద కూర్చున్నాడు.

ఇదంతా పత్రికకెక్కించి మళ్ళీ అదే తప్పు చేయడం లేదా అని మీరు అడగవచ్చు. ముగ్గురు పిల్లల్నీ అడిగాను. ఇప్పుడు వాళ్ళు పిల్లలు కారు. ట్రాక్టరు అబ్బి "రాసుకోండి సార్, ఈసారి నవ్వద్దండి" అన్నాడు. మా ఆవిడనూ అడిగాను. చుట్టాల సంగతి రాసుకోమంది గానీ, పెరుగు తోడుకోలేదన్న ముక్క కొట్టేయమంది. నలుగురూ తన కాపురం గురించి ఏమనుకుంటారట! అది తీసేస్తే వ్యాసమే తోడుకోదని ఎలాగో ఒప్పించాను.