వాడిన నీటికీ లెక్క ఉంది

 

వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో పాలకొల్లులో స్త్రీల ఇజ్తిమాకు వెళ్లాము. బయాన్ ముగిశాక పర్దా వెనుక నుంచి ఒక పెద్దావిడ ఇలా అడిగారు: "మౌల్వీసాబ్! వుజూ నీళ్లు, బట్టలుతికిన నీళ్లు పట్టి సొరపాదుకు పోస్తున్నాను. అవి నాపాక్ నీళ్లనీ, ఆ కాయ తినకూడదనీ మా కోడలు అంటోంది. వీధిలో పారబోస్తే పక్కింటివాళ్ల గుమ్మం ముందు నిలుస్తున్నాయి. ఏం చేయమంటారు?"

అత్తాకోడళ్ల మాటలా కనిపించినా ఇందులో తహారత్ ఉంది, ఇస్రాఫ్ ఉంది, పొరుగువారి హక్కూ ఉంది.

ముందు మస్అలా చూద్దాం. వుజూకో గుసుల్‌కో వాడగా శరీరం నుంచి వేరుపడిన నీటిని ఉలమా 'ముస్తామల్' నీరు అంటారు. హనఫీ మస్లక్‌లో ఫత్వా ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయం మీద ఉంది. ఆ నీరు పాక్, కానీ దానితో మళ్లీ వుజూ, గుసుల్ చేయడం చెల్లదు. హజ్రత్ జాబిర్ (రజి) జబ్బుతో స్పృహ తప్పినప్పుడు దైవప్రవక్త (స) వుజూ చేసి ఆ నీటిని ఆయనపై పోయగా తెలివి వచ్చిందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. నాపాక్ నీరైతే రోగిపై పోసేవారా? కనుక అది మొక్కకు నిస్సందేహంగా పనికొస్తుంది.

చెమట బట్టలుతికిన నీరు, బియ్యం, కూరగాయలు కడిగిన నీరు కూడా పాకే. అయితే మూత్రం అంటిన పసివాడి బట్టలు తడిపి పిండిన నీరు నాపాక్. ఆ విషయంలో కోడలి జాగ్రత్త సరైనదే. అలాంటి నీరు చెట్టు మొదట్లో పడినంత మాత్రాన కాయ హరామ్ కాదని అధికశాతం ఫుఖహా అభిప్రాయం. పైన తగిలితే కడుక్కోవాలి. అయినా దానిని పెరట్లో చల్లక మరుగుదొడ్డిలోకి వదలడమే మేలు.

1978లో సౌదీ అరేబియా పెద్ద ఉలమాల మండలి మురుగునీటి గురించే చర్చించింది. శుద్ధి చేశాక రంగు, రుచి, వాసనల్లో మాలిన్యం జాడ లేకపోతే ఆ నీరు పాక్ అవుతుందని తీర్మానించింది. మురుగును సైతం తిరిగి వాడుకునే మార్గం పండితులు వెతుకుతుంటే, పాక్ నీటిని మనం చేజేతులా మురుగులో కలుపుతున్నాం!

మనది గోదావరి డెల్టా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువ నీటికి అలవాటుపడ్డాం. మరమ్మతులకు కాలువలు కట్టేసినప్పుడే చెరువుల్లో నింపుకున్న నీటి విలువ తెలుస్తుంది. సముద్రం వైపు పల్లెల్లో బోరు వేస్తే ఉప్పునీరు పడే చోట్లు ఎన్నో. మీ నీరు భూమిలోకి ఇంకిపోతే పారే నీటిని తెచ్చి ఇచ్చేదెవరని ముల్క్ సూరా చివర అల్లాహ్ మనల్ని ప్రశ్నించాడు.

దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు, హనఫీ లెక్కలో లీటరు వరకు. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో దుబారా తగదని ఇబ్నె మాజాలో ఒక హదీసు ఉంది. దాని సనద్‌లో బలహీనత ఉందని ముహద్దిసులు అన్నా, దుబారా చేసేవారు షైతాను సోదరులన్న ఖుర్ఆన్ హెచ్చరిక చాలదా? కుళాయి వదిలేసి తల మస్హ్ చేసుకునే మనం ఎన్ని ముద్‌లు పోగొడుతున్నాం?

కాబట్టి ముందు తక్కువ వాడాలి, ఆపై వాడినది వృథా పోనివ్వకూడదు. మన పెద్దలు నీళ్లు పోసుకునే చోట అరటి పిలకలు నాటేవారు. బియ్యం కడుగు కుడితితొట్టిలో పోసేవారు. మనమూ వుజూ నీటిని ఏ మొక్కకైనా పోయవచ్చు. సబ్బు నీటిని కొబ్బరి, అరటి వంటి చెట్ల మొదట్లోనే పోయాలి, పచ్చిగా తినే ఆకులపై పడనీయకూడదు. బ్లీచింగ్ కలిసిన నీరు వద్దు. సబ్బులో ఉప్పు గుణం ఉంటుంది గనుక ఒకే చెట్టుకు రోజూ పోయక చోటు మార్చాలి. ఏ రోజు నీరు ఆ రోజే పోసేయాలి. నిల్వ ఉంచితే వాసన, దోమలు. వానాకాలంలో మన నల్లరేగడి నేల ఎక్కువ నీటిని పీల్చుకోదు, అప్పుడు ఆపాలి.

ఇక పొరుగువారి మాట. దారిలోంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని దైవప్రవక్త (స) బోధించారు. మరి మన ఇంటి మురికినీటిని దారిలోకి వదలడం దేనిలో శాఖ? పక్కింటివారు ముస్లిములైనా, ముస్లిమేతరులైనా ఈ హక్కులో తేడా లేదు. నమాజు కోసం చేసిన వుజూ నీరే పొరుగువారి గుమ్మంలో బురద అయితే, రేపు అల్లాహ్ సన్నిధిలో ఏం చెబుతాం?

అదే నీటితో పెరిగిన చెట్టు నుంచి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా నాటినవారికి సదఖా పుణ్యం లభిస్తుందని సహీహ్ హదీసు. ఆ పెద్దావిడకు ఇదే చెప్పాము: అమ్మా! బిడ్డ బట్టల నీరు వేరు చేయండి, మిగతాది నిశ్చింతగా పాదుకు పోయండి. తొలికాయ కోసినప్పుడు సగం పక్కింటికి పంపండి.

ప్రళయదినాన దైవదాసుణ్ణి మొట్టమొదట అడిగే వరాల్లో చల్లని నీరు ఒకటని తిర్మిజీ హదీసులో ఉంది. ఆ ప్రశ్నకు సిగ్గుపడకుండా జవాబు చెప్పగలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.