ఎవరి భుజం నొప్పి తగ్గుతుంది, నాయనా?

ఆగు నాయనా, ఒక్క నిమిషం కూర్చుని పో. బస్సు ఇంకొకటి వస్తుందిలే. అరుగు మీద నీడగానే ఉంది.

హిందూపురం స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక ముప్పై ఏళ్లు కూర్చున్నవాణ్ణి నేను. బెంగళూరు బండెక్కే పిల్లల మొహాలు నాకు పెద్దగా గుర్తులేవు. చేతులు గుర్తున్నాయి. ఆ కిటికీ సందులోంచి కనిపించేవి అవే మరి. మొదట్లో ఇనప పెట్టె పట్టుకున్న చేతులు, తర్వాత సర్టిఫికెట్ల ఫైలు పట్టుకున్నవి, చివర చివర ఫోను పట్టుకున్నవి. ఏ చేతికైనా తొందరే. చిల్లర తీసుకోకుండా పరిగెత్తిన చేతులు ఎన్నో.

ఇప్పుడు మీ తొందర ఇంకో రకం. మా కాలంలో జీతం వస్తే చాలనుకున్నాం. మీకు జీతంతో పాటు ఆ పనికో అర్థం కూడా ఉండాలి. "జనానికి పనికొచ్చే టెక్నాలజీ కంపెనీలో చేరతా తాతా" అంటారు. ఆ మాట వింటే లోపల నాకెంత సంతోషమో! పైకి చెప్పను. చెప్తే నువ్వు రేపు పొద్దున్నే రాజీనామా రాసి పడేసి వస్తావు.

అందుకే ఒకటే అడుగుతాను. ఆ కంపెనీ వల్ల ఎవరి భుజం నొప్పి తగ్గుతుంది?

నవ్వకు. భుజం అని ఊరికే అనలేదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అని ఒక నేతపని కుర్రాడు. హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. వాళ్లమ్మ లక్ష్మి ఇంట్లో ఆసు పోసేది. పోచంపల్లి రకం చీరలకు రంగులద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి అమర్చుకోవాలి, దాన్నే ఆసు అంటారు. ఒక్క చీరకు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. రాత్రయ్యేసరికి ఆ తల్లికి భుజం పట్టేసేది. ఇక నావల్ల కాదురా అనేది. ఆ నొప్పి చూడలేక 1992లో మిషను మొదలుపెట్టాడు. డబ్బులైపోయాయి. ఊళ్లో పిచ్చోడన్నారు. హైదరాబాదు పోయి కూలికి కుదిరాడు. కూలి డబ్బుల్లోంచే మిగిల్చి, మళ్లీ ఆ మిషను మీదే పెట్టాడు. చివరి ముడి ఎక్కడ విడిందనుకున్నావ్? బాలానగర్‌లో పొట్టకూటి పని చేస్తున్నప్పుడు అక్కడ ఇంకేదో మిషను ఆడే తీరు చూసి, ఇదే కదా నాకు కావాల్సింది అనుకున్నాడు. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారైంది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

చూశావా, పద్మశ్రీ దగ్గర నీ కళ్లు మెరిశాయి. ఆ మిషను కోసం పడ్డ ఏడేళ్ల దగ్గర మెరవలేదు.

నువ్వు ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టినవాడివైతే ఇంకో మాట అడుగుతాను. మీ నాన్న గుంత మగ్గంలో కూర్చుని ఒక చీరకు ఎన్నిసార్లు కాలు తొక్కుతాడో ఎప్పుడైనా లెక్కపెట్టావా? జరీ అంచు దగ్గర మీ అమ్మ ఎన్నిసార్లు కళ్లు నులుముకుంటుందో? మనది లేపాక్షి గుడి తీగలూ హంసలూ కొంగు మీదికి ఎక్కించిన నేత. దాని పేరు పెట్టుకుని మరమగ్గం చీర పక్క కొట్లో అమ్ముడుపోతుంటే, ఏది చేతిదో ఏది మరదో కొనేవాళ్లకు తెలియక మనవాళ్లు ధర దగ్గర ఓడిపోతున్నారు. కొన్ని రకాల చీరల్ని చేనేతకే కేటాయించడానికి 1985లోనే చట్టం వచ్చింది. చట్టం ఉండీ ఇలా ఉంది. టెక్నాలజీకి తగిన పని కాదా ఇది? నువ్వు మాత్రం ప్రపంచ సమస్యల కోసం ఫోన్లో వెతుకుతున్నావు. దూరపు కొండలు నునుపు మరి!

మా చెల్లెలి కొడుకు సంగతి చెప్తా విను. వాడూ నీలాంటివాడే, బంగారం. మంచి ఉద్యోగం వదిలేసి బెంగళూరులో కొత్తగా పెట్టిన ఒక కంపెనీలో చేరాడు. పేరెందుకులే. పట్టు రైతుకు న్యాయమైన ధర ఇప్పించే యాప్ అట. పండక్కి వచ్చినప్పుడు ఇదే అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను.

"ఏమప్పా, పట్టుపురుగు గూడు కట్టినాక ఎన్నో రోజుకు చంద్రిక తట్టల మీద నుంచి దించుతారు?"

"అది ఫీల్డ్ టీమ్ చూసుకుంటుంది మామా."

"దించినాక ఎన్నాళ్లు పెట్టుకోవచ్చు?"

వాడు ఫోను తీశాడు.

చెప్పొద్దూ, నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఐదారు రోజులకు దించాలి. గూడు కట్టి పది పన్నెండు రోజులయ్యేసరికి లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూడు తొలుచుకుని బయటికొస్తుంది. తొలిచిన గూట్లోంచి తెగకుండా దారం రాదు. అందుకే మన రైతు హిందూపురం మార్కెట్‌కు గూళ్లు తెచ్చాక, ధర నచ్చలేదని ఇంటికి మోసుకుపోయి నెల తర్వాత తేలేడు. బేరంలో ఆయన చెయ్యి కిందుగా ఉండేది అందుకు. ఇది తెలియకుండా ధర యాప్ ఎలా రాస్తార్రా అన్నాను. వాడికి కోపం వచ్చి ఓళిగ సగంలో వదిలేసి లేచిపోయాడు.

రెండేళ్లు తిరక్కముందే ఆ కంపెనీ జీతాలాపేసింది. వీడు జీతం వస్తూనే ఉంటుందన్న నమ్మకంతో బైకు కొన్నాడు, పెద్ద ఇంటికి అద్దెకు మారాడు. మా చెల్లెలు గాజులు బ్యాంకులో పెట్టింది. నేను వాణ్ణి తిట్టలేదు. మోసపోయినవాణ్ణి తిడితే ఏం లాభం? కానీ నిన్ను ముందే తిడుతున్నాను. జీతం ఆగితే ఆర్నెల్లు ఇల్లు గడిచే డబ్బు పక్కన పెట్టుకున్నాకే ఆ బండెక్కు. మీ అమ్మ గాజుల మీద నీ ఆశయాన్ని నిలబెట్టొద్దు.

కంపెనీ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది తాతా అంటావు. గోడ మీద రాసుకున్న మాటలు చదివితే తెలీదు. నెలాఖరుకు పై ఆఫీసరు నిన్ను ఏ లెక్క అడుగుతాడో కనుక్కో. 2010లో నువ్వు చిన్న బళ్లో ఉండుంటావు. పేద ఆడవాళ్లకు పూచీకత్తు లేకుండా అప్పులిచ్చి కాళ్ల మీద నిలబెడతామని సూక్ష్మరుణ సంస్థలు ఊరూరా తిరిగాయి. మాట మంచిదే. మంచి మనసుతో మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. వాటిలో అన్నిటికంటే పెద్దది ఆ ఆగస్టులో షేర్ మార్కెట్‌లోకి వెళ్లింది. అక్టోబరులో, వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకుంటున్నారని పల్లెలు గొల్లుమంటుంటే, ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. వాయిదా కట్టేదాకా గడపలో కూర్చున్న కుర్రాళ్లు ఎవరనుకున్నావ్? మన పిల్లలే నాయనా. సేవ అనుకుని చేరినవాళ్లే. నెలాఖరు లెక్క మాత్రం వసూలు లెక్క. ఎవరి భుజం మీద బరువు దించుతామన్నారో ఆ భుజం మీదే కూర్చున్నారు.

అన్నీ అలాంటివేనా అంటే కాదు. బెంగళూరులోనే 1995 నుంచి సెల్కో ఉంది, సోలార్ దీపాల కంపెనీ. హరీశ్ హండే అని, ఐఐటీలో చదివి, అమెరికాలో పరిశోధన చేస్తూ, కరెంటు లేని పల్లెల్లో పోయి ఉన్న మనిషి మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. 2011లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన చెప్పే సంగతి ఒకటుంది. వీధిలో సరుకు అమ్ముకునేవాళ్లకు దీపానికి నెలకు 300 రూపాయలంటే భారమట, రోజుకు 10 అంటే సరేనట. లెక్క ఒకటే కదా అనిపిస్తుంది. ఏరోజు సంపాదన ఆరోజే తినే ఇంట్లో ఒకటి కాదు. అందుకే దీపంతో పాటు, వాళ్ల చేతికి డబ్బు వచ్చే తీరుకు సరిపోయేలా బ్యాంకు అప్పునూ కుదిర్చారు. అసలు తెలివి అక్కడుంది.

ఇక్కడ నీకు కోపమొచ్చే మాట ఒకటి. ఆ ఐఐటీ అబ్బాయి పల్లెల్లో పోయి నేర్చుకున్నది నీకు ఉగ్గుపాలతో వచ్చింది. చెనిక్కాయ పంట ఎండితే ఇంట్లో ఏమవుతుందో నీకు తెలుసు. దాన్నేమో ఇంటర్వ్యూలో దాచిపెట్టి, రాని ఇంగ్లీషు సొగసులు పోతావు. దాచకు. ఆడపిల్లవైతే తల్లీ, నీకూ చెబుతున్నా, మా అమ్మ గూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ బేసిన్ దగ్గర పనిచేసిందని చెప్పడానికి సిగ్గుపడొద్దు. నీ దగ్గరున్న పెద్ద చదువు అదే.

ఇంకా, చేస్తున్న పనిని ఈసడించుకోకు. 2019లో పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్లు బయటికి రావడం మొదలైంది. విడిభాగాల కంపెనీలు వచ్చాయి, షిఫ్టు బస్సులు తిరుగుతున్నాయి. అందులో పోయే పిల్లలు కొందరు "ఇదేం బతుకు" అంటారు. తప్పు ఎక్కడ పుట్టిందో మూలం దాకా వెతకడం, రోజూ ఒకే కొలతకు పని తేవడం, టైముకు రావడం, ఇవి రాకుండా ఏ మంచి కంపెనీకి పోయినా నువ్వు వాళ్లకు బరువే. మల్లేశానికి బాలానగర్ ఉన్నట్టు నీకు పెనుకొండ. కొన్నాళ్లు నేర్చుకో.

సెలవురోజు ఊరికే పడుకోకుండా చెన్నేకొత్తపల్లి వైపు పోయి రా. అక్కడ టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి పనిచేస్తోంది. 2008లో రైతులే సభ్యులుగా ధరణి అనే సహకార సంఘం పెట్టుకుని, మందులు వేయకుండా పండించిన కొర్రలూ సామలూ తామే శుభ్రం చేయించి అమ్ముకుంటున్నారు. టెక్నాలజీ అంటే కంప్యూటరే అనుకున్నావా? కొర్ర పొట్టు నూక కాకుండా ఊడదీయడం ఎంత కష్టమో మీ అవ్వను అడుగు. రోకలి పోట్లకు ఎవరి భుజం నొప్పెట్టేదో కూడా ఆమే చెబుతుంది.

మా చెల్లెలి కొడుకు ఇప్పుడు రీలింగ్ మిషన్లు బాగుచేసే చిన్న షెడ్డులో చేస్తున్నాడు. జీతం తక్కువే. బోర్డు మీద పేరు తప్ప ఏమీ లేదు. మొన్నొక రాత్రి వచ్చాడు. రోజంతా వేడినీళ్లలో చేతులు పెట్టి గూళ్ల నుంచి దారం తీసే ఆడవాళ్ల వేళ్లు చూశానన్నాడు, అన్నం సహించలేదన్నాడు. ఆ వేళ్లు నీళ్లలో తక్కువసేపు ఉండేలా ఏదో గీస్తున్నాడు, కాగితం మీద. మూడుసార్లు కొట్టేశాడు. వాణ్ణి తొందరపెట్టొద్దని మా చెల్లెలికి చెప్పాను. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

నీ రాజీనామా కాగితం ఈ వారం జేబులోనే ఉంచుకో. రేపు పొద్దున పెందలాడే పట్టుగూళ్ల మార్కెట్‌కు రా, నేనూ వస్తాను. నాలుగు కుప్పల దగ్గర నిలబడి, గూళ్లు తెచ్చిన రైతుల్ని వాళ్ల నొప్పేమిటో అడుగుదాం. నువ్వు అడుగు, నేను పక్కనుంటా. మీ అమ్మకు చెప్పి, సంగటి తిని రా. ఖాళీ కడుపుతో వస్తే అక్కడి వాసనకు తల తిరుగుతుంది.