బిగింపు ఎంతవరకు?



గట్టిగా పట్టుకున్నదే భద్రముగా ఉంటుందని మనలో చాలామంది నమ్మకము. సొంత ఊరు విడిచి వచ్చిన కుటుంబాలలో ఇది మరీ ఎక్కువ. తెలుగు పోతుందేమో, పిల్లలు చేయి జారిపోతారేమో అన్న భయముతో ఇంట్లో ప్రతిదీ బిగిస్తాము. ఈ నమ్మకము ఎంతవరకు సరియైనదో ఆలోచించడానికి పాత మోటారు సైకిలు ఇంజను మాకు సాయపడింది.

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారములో 1961 నుండి 1996 వరకు జావా, యెజ్డి బండ్లు తయారయ్యాయి. (2018లో జావా, 2022లో యెజ్డి పేర్లు మళ్ళీ వచ్చాయి గాని ఆ ఇంజన్లు వేరు.) ముళబాగిలు తాలూకా బైరకూరు వంటి ఊళ్ళలో అటువంటి పాత బండిని విప్పితే, పోత ఇనుము సిలిండరు మీద అల్యూమినియము హెడ్డును నాలుగు నట్లు అదిమిపట్టి ఉంటాయి.

పని తెలియనివాడు పానా తీసుకొని మొదటి నట్టునే శక్తికొద్దీ బిగిస్తాడు. హెడ్డు ఆ మూలకు వాలి, ఎదుటి మూల లేస్తుంది. తరువాత మిగిలిన మూడింటిని ఎంత బిగించినా ఆ వంకర పూర్తిగా పోకపోవచ్చు. గాలి అక్కడి నుండే బుసకొడుతుంది. పని తెలిసిన మేస్త్రీ నాలుగింటినీ ముందు వేళ్ళతో తిప్పి ఆనిస్తాడు. ఆ తరువాత ఒకదానికి కొంచెము, దానికి ఎదురు మూలనున్న దానికి కొంచెము, ఇలా మూడు నాలుగు విడతలుగా బిగిస్తాడు.

అసలు బోల్టు ఎందుకు పట్టుకుంటుంది? బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది, తిరిగి తన పొడవుకు రావాలని లాగుతుంది. ఆ లాగడమే పట్టు. హద్దు దాటి సాగదీస్తే ఇక పూర్తిగా వెనక్కు రాదు. రాబర్ట్ హుక్ 1678లో స్ప్రింగును గురించి ప్రచురించిన నియమమే ఇక్కడా పని చేస్తుంది. మరొక సంగతి. పానా మీద మనము పెట్టే బలములో సుమారు నూటికి 90 వంతులు రాపిడికే పోతుంది. మరలలో తుప్పు, మట్టి ఉంటే మిగిలిన ఆ కాస్త కూడా తగ్గుతుంది. పానా బరువుగా తిరిగింది గనుక బాగా బిగిసిందని చెయ్యి అనుకుంటుంది.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము గనుక ఇది చదివినప్పుడు తరగతి గదే గుర్తుకు వచ్చింది. గొంతు బొంగురుపోయేదాకా అరిచి, పిల్లవాడు మారాడనుకోవడము! ఇళ్ళలోనైతే ఆ మొదటి నట్టు పెద్దబిడ్డే. చదువు, ఆరాధన, తెలుగు, తమ్ముళ్ళ బాధ్యత అన్నీ వాడి మీదే. చిన్నవారిని ఒక్క మాట అనరు. ఆ పెద్దవాడు ఉద్యోగానికని బెంగళూరు వెళ్ళి పండుగకు కూడా రాకపోతే, "ఎంత గట్టిగా పెంచాము!" అని ఆశ్చర్యపోయే తండ్రులను మేము ఎరుగుదుము.

వదులుగా వదిలేయమని మేము అనడము లేదు. వదులైన హెడ్డు గాస్కెట్టును కాల్చివేస్తుంది. అయితే మేస్త్రీలు వేడి ఇంజను మీద పానా పెట్టరు. అల్యూమినియము ఇనుముకంటె దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది గనుక చల్లారనిస్తారు. కొత్త గాస్కెట్టు వేస్తే కొంతదూరము నడిపి, చల్లార్చి, మరొకసారి చూస్తారు. ఈ రెండవ చూపుకు చాలామంది బండి తిరిగి తీసుకురారు.

అతిగా బిగించి అల్యూమినియములో మరలు ఊడిపోతే దానికీ మార్గమున్నది. రంధ్రము పెద్దది చేసి, కొత్త మర కోసి, ఉక్కు తీగచుట్ట దించుతారు. అది బాగానే పట్టుతుంది. కాని దానికోసము ఇంజను విప్పాలి, బండి షెడ్డులో నిలిచిపోవాలి.