అవయవాలు, అవయవి: ఫిలిప్ ఆండర్సన్ భౌతికశాస్త్రం లేవనెత్తిన ప్రశ్న

వస్తువు దాని భాగాల కూడిక మాత్రమేనా, లేక దానికి వేరే ఉనికి ఉన్నదా అనే ప్రశ్న భారతీయ దర్శనాలలో శతాబ్దాల వాదానికి విషయమైంది. దారాలలో నిలిచి ఉన్నప్పటికీ వస్త్రం వాటికంటె భిన్నమైన ద్రవ్యమనీ, అదే ‘అవయవి’ అనీ న్యాయవైశేషికులు ప్రతిపాదించగా, అది దారాల సముదాయానికి బుద్ధి కల్పించిన పేరు మాత్రమేనని బౌద్ధాచార్యులు ఖండించారు. ఈ ప్రశ్నను ప్రయోగానికి లోబడే రూపంలో మళ్లీ నిలబెట్టినవారిలో అమెరికన్ సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ (1923–2020) ముఖ్యుడు.

బెల్ ప్రయోగశాలలలోను, తరువాత ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలోను పనిచేసిన ఆండర్సన్, అసంఖ్యాకమైన ఎలక్ట్రాన్లు సామూహికంగా ప్రవర్తించే ఘనపదార్థాలను, అంటే నేడు క్వాంటమ్ పదార్థాలుగా వ్యవహరిస్తున్నవాటిని, జీవితమంతా పరిశీలించాడు. పరమాణువుల అమరిక తగినంత అస్తవ్యస్తమైతే ఎలక్ట్రాన్ తరంగం వ్యాపించక ఒకచోటనే చిక్కుకుంటుందని 1958లో నిరూపించిన కృషికి గుర్తింపుగా, 1977లో నెవిల్ మాట్, జాన్ వాన్ వ్లెక్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

1972లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన ‘మోర్ ఈజ్ డిఫరెంట్’ వ్యాసంలో ఆయన, ప్రకృతిలోని సమస్తమూ కొన్ని మూలసూత్రాలకు లోబడి ఉంటుందని అంగీకరిస్తూనే, ఆ సూత్రాలు తెలిసినంత మాత్రాన వాటినుంచి ప్రపంచాన్ని తిరిగి నిర్మించగలమనే భావనను తిరస్కరించాడు. విద్యుత్తు ఏ నిరోధమూ లేకుండా ప్రవహించే అతివాహకత 1911లో వెల్లడైనా, దానికి ఆధారమైన క్వాంటమ్ సూత్రాలు 1920లలోనే సిద్ధమైనా, సమగ్ర వివరణ 1957 వరకు దొరకకపోవడం ఈ వాదానికి బలమైన సాక్ష్యం.

1982లో కనుగొన్న భిన్నాంక క్వాంటమ్ హాల్ ప్రభావం ఈ చర్చను మరింత పదునెక్కించింది. తీవ్ర అయస్కాంత క్షేత్రంలో, అతిశీతల స్థితిలో, పలుచని పొరలో కదిలే ఎలక్ట్రాన్ల సమూహంలో, ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడోవంతు మాత్రమే కలిగిన కణసదృశమైన కదలికలు పుడతాయి; ఆ సమూహంలోని ఏ ఒక్క ఎలక్ట్రాన్‌కూ అటువంటి ఆవేశం లేదు. కొలవగలిగిన ఈ ఆవేశాన్ని బుద్ధికల్పిత నామమని తోసిపుచ్చలేము. కారణంలోని గుణాలే కార్యంలోని గుణాలకు మూలమనే వైశేషిక నియమం ప్రకారం దారాల రంగు వస్త్రానికి వచ్చినట్లు ఇది భాగాలనుంచి సంక్రమించిందనీ చెప్పలేము. కాబట్టి రెండు పక్షాలూ ఇక్కడ సవరణ కోరుతున్నాయి.

ఈ నిర్ణయం చైతన్యాన్ని గురించిన విచారణకూ వర్తిస్తుంది. నాడీకణాల ధర్మాలనుంచి చైతన్యాన్ని రాబట్టలేకపోవడం దేహానికి భిన్నమైన ఆత్మ ఉన్నదనడానికి ప్రమాణం కాదు. చైతన్యం దేహాన్ని ఆశ్రయించి ఉండటం అది మిథ్య అనడానికీ ప్రమాణం కాదు. ఆశ్రయించి ఉండటం వేరు, అసత్యం కావడం వేరు అనే వివేకాన్ని ఆండర్సన్ భౌతికశాస్త్రం తత్త్వవిచారానికి అందించింది.