అమ్మకి వేరే ఇల్లుంటుందా?

అరకు దాకా వెళ్లి కాఫీ తాగని మనిషితో ప్రేమలో ఉండటం ఒక చిన్న జోకు. కిరండూల్ పాసింజరు దిగి కాఫీ మ్యూజియం దగ్గర కూర్చున్నాం. నా చేతిలో ఫిల్టర్ కాఫీ, తన చేతిలో వేడి పాలు. చుట్టూ కొండల మీద సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో గిరిజనులు పెంచే కాఫీ. 1833లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ తనకు అందిందని చెప్పిన దైవవాక్కు ప్రకారం ‘వేడి పానీయాలు’ కూడదు. అంటే కాఫీ, టీ అని తర్వాత అర్థం చెప్పారు. పాలకి ఇబ్బంది లేదు.

తను మోర్మన్. ఆ పేరు వాళ్ల చర్చికి ఇప్పుడు అంతగా నచ్చదు, ‘కడవరి దిన పరిశుద్ధులు’ అనాలి. సమోవాలో ఆ మతం తీసుకున్న ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978లో మిషనరీలుగా హైదరాబాద్ వచ్చి ముందు సొంత బంధువులకే బాప్తిస్మం ఇప్పించారు. బుక్ ఆఫ్ మోర్మన్‌ని తెలుగు చేసింది ఎల్సీ తండ్రి, ఒక బాప్టిస్టు పాస్టరు. అంటే తెలుగులో ఇది మొదట్నుంచీ చుట్టరికాల మతమే. సిద్ధాంతం కూడా అంతే. గుడిలో ‘సీలింగ్’ జరిగిన పెళ్లి చావుతో తెగదు, భార్యాభర్తలూ పిల్లలూ శాశ్వతంగా ఒక కుటుంబం. గుడి అంటే ఆదివారం వెళ్లే చర్చి కాదు, అది వేరు. బెంగళూరుకి ఒకటి 2018లో ప్రకటించారు. అంతకుముందు సీలింగ్ కావాలంటే దేశం దాటి వెళ్లాల్సిందే. తన అమ్మానాన్నా అలా అప్పుచేసి వెళ్లొచ్చారు.

తర్వాత అమ్మ పోయింది. నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఆవిడతోనూ సీలింగ్ అయింది. భార్య పోయిన మగవాడికి అది కుదురుతుంది. భర్త పోయిన ఆడదానికి, బతికుండగా, మొదటిది రద్దు చేసుకుంటే తప్ప కుదరదు.

“కాఫీ గొడవ కాదు, నన్ను నిద్రపోనివ్వనిది ఇదీ,” అంటూ ఒక సంగతి చెప్పింది. 2019 అక్టోబరులో వాళ్ల పెద్దల్లో ఒకరైన డాలిన్ ఓక్స్ ఒక ఉత్తరం గురించి ప్రసంగించాడు. భార్య పోయిన మనిషిని పెళ్లి చేసుకోబోతున్న ఒకావిడ రాసింది: పైలోకంలో నాకు వేరే ఇల్లుంటుందా, లేక ముగ్గురం ఒకే ఇంట్లో ఉండాలా? సభలో నవ్వులు. ఓక్స్ జవాబు సారాంశం: అక్కడి సంగతులు మనకి తెలిసింది తక్కువ, దేవుణ్ణి నమ్మండి.

“అందరూ నవ్వారు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది,” అంది.

నాకు కోపం వచ్చింది. కానీ ఆ ఓక్స్ కూడా 1998లో భార్యని పోగొట్టుకుని 2000లో మళ్లీ పెళ్లి చేసుకున్నవాడే. తెలియదనడం నిజాయితీయే కావచ్చు. నాకు మింగుడుపడనిది ఇంకోటి. ఎవరిని ఎందరితో ముడివేయొచ్చో ఇంత కచ్చితంగా తెలిసినవాళ్లకి, ఆ ముడిలో ఉన్న మనిషి ఎలా ఉంటుందో మాత్రం తెలియదా?

అప్పుడు తెలివిగా మాట్లాడాననుకున్నాను. మా తాతకి మొదటి భార్య పోయాకే మా నాయనమ్మతో పెళ్లయింది. నాన్న మహాలయ పక్షంలో ఇద్దరికీ నువ్వులూ నీళ్లూ వదులుతాడు. సవతి తల్లికి ఆ మంత్రాల వరసలోనే చోటుంది. ఎవరికీ బాధ లేదు, అన్నాను.

“వాళ్లిద్దరూ ఎక్కడున్నారని మీ నాన్నగారు ఎప్పుడైనా అడిగారా?”

“లేదు.”

“నేను అడుగుతున్నాను. మా అమ్మ నిజంగానే ఎక్కడో ఉంది కాబట్టి.”

ఇన్నాళ్లూ నేను ‘నీ నమ్మకాన్ని గౌరవిస్తాను’ అంటూ వచ్చాను. మా ఆఫీసులో ఎవరి పండక్కైనా చెప్పే మాటే అది, ఖర్చు లేనిది. తను చెప్పేది నిజమో అబద్ధమో తేల్చుకునే బాధ నాకు తప్పించింది. నిజమైతే ఆ ప్రశ్నకి నేను కూడా జవాబు వెతకాలి. కాదనుకుంటే, వేరే ఇల్లు కాదు, అసలు ఇల్లే లేదు, అమ్మా లేదు అని తన మొహం మీద చెప్పాలి. నేను అనుకునేది రెండోదే. ఆ రోజు చెప్పలేదు. దయతో అనుకుందామనుకున్నా, మొహమాటం పాలెంతో తేలలేదు. చిన్నపిల్లల బొమ్మ పెళ్లికి అక్షింతలు వేసే పెద్దవాడిలా ఉన్నానేమో కూడా.

ఇంకో దారి నేను చేరిపోవడం. కాఫీ మానేయడం పెద్ద కష్టం కాదు, డాక్టరు చెప్పినా మానేసేవాణ్ణే. కానీ బాప్తిస్మానికి ముందు నమ్ముతున్నావా అని అడుగుతారు. శాశ్వత బంధాన్ని అబద్ధంతో మొదలుపెట్టడం నమ్మేవాళ్ల లెక్కలోనూ తప్పే, నా లెక్కలోనూ తప్పే. చేరకపోతే రిజిస్ట్రార్ ఆఫీసు పెళ్లి, చావుదాకా మాత్రమే. నాకు అది నిండు జీవితం. తనకి అది సగం.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని కొండ ఊళ్లు చూస్తూ, ఈ మాట వినకుండా పోయినవాళ్లకి కూడా మా దగ్గర దారి ఉంది, అంది. పోయినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు గుడిలో బాప్తిస్మం తీసుకుంటారు. ఒప్పుకోవడం, మానడం పోయినవాళ్ల ఇష్టం. పుట్టిన చోటుని బట్టి నరకంలో వేసే సిద్ధాంతాల కంటే ఇది ఎంతో నయం. అయినా ఈ కొండల అవతల కోరాపుట్ గదబలు పోయినవాళ్లకి రాళ్లు నిలబెట్టి తమ పద్ధతిలో సాగనంపుతారు కదా, వాళ్ల తాతల్ని మళ్లీ లేపి అడగడం ఎందుకు అన్నాను. అడగడంలో తప్పేముంది, వద్దంటే వద్దు, అంది.

కాసేపాగి నవ్వుతూ, “నువ్వు ముందు పోతే నీ పేరూ ఇస్తాను. సీలింగ్‌కి కూడా. ఒప్పుకుంటావా?” అని అడిగింది.

తెలియదు అన్నాను. ఓక్స్ చెప్పింది కూడా అదేనని బొర్రా గుహలు దాటాక గానీ నాకు తట్టలేదు.